క్లచ్ ‘బాగుంది’ అని టిక్కు పెట్టి అమ్మిన కారు 11వ రోజున శ్రీశైలం ఘాట్‌లో నిలిచిపోయింది: పాత కార్లు కొనేవారు జాగ్రత్త

నిన్న సాయంత్రం, నాకు ఆ కారు అమ్మిన పాత కార్ల యార్డు నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు, రాత్రి నిద్ర పట్టలేదు. రెండు రోజులు పోతే ‘పోనీలే’ అని ఊరుకుంటానేమోనన్న భయంతో, కోపం చల్లారకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫిర్యాదు పెడుతున్నాను కనుక యార్డు పేరు ఇక్కడ రాయడం లేదు. విజయవాడలో ఈ మధ్య పాత కారు కోసం తిరిగినవారిలో చాలామంది ఆ గేటు దాటి లోపలికి వెళ్లే ఉంటారు.

కారు గురించి రెండు ముక్కల్లో చెబుతాను. 2016 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, అయిదు గేర్లు, పెడల్ తొక్కితే తీగ లాగే కేబుల్ క్లచ్, మీటరు మీద 68 వేల కిలోమీటర్లు, ధర 3,15,000 రూపాయలు. ‘సాయంత్రానికి ఇంకో పార్టీ డబ్బుతో వస్తోంది మేడమ్’ అని తొందరపెట్టారు, నేను తొందరపడ్డాను. బేరం, అడ్వాన్సు, బండిని నా పేరు మీదకు మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. డబ్బు కట్టాక ఇంజను, గేర్‌బాక్స్, బ్రేకులు, ఏసీ అంటూ వరసగా రాసిన ఒక తనిఖీ కాగితం చేతికిచ్చారు. అందులో క్లచ్‌కు ఎదురుగా ‘బాగుంది’ అన్న గడిలో టిక్కు ఉంది, కింద యార్డు ముద్ర, సంతకం ఉన్నాయి.

నడిపి చూసిన రోజున నేను వెళ్లేసరికే బండి స్టార్టు చేసి ఉంచారు, ఇంజను వేడిగా ఉంది. పెడల్ మెత్తగా ఉంది, సగం ఎత్తుకు వచ్చేసరికి బండి కదిలింది. ఇంజను తిప్పే శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు అరిగిన బండిలో పెడల్ దాదాపు పైదాకా వస్తే గాని క్లచ్ పట్టుకోదని 22 ఏళ్లుగా బండి నడుపుతున్న నాకు తెలుసు, అందుచేత సగంలో పట్టుకోవడం చూసి ఇక క్లచ్ గురించి ఆలోచించనవసరం లేదనుకున్నాను. నాకున్న ఆ కాస్త తెలివినే అడ్డం పెట్టుకుని నన్ను మోసం చేశారని అప్పటికి తెలియలేదు.

బండిని తిరిగి యార్డులో పెట్టేటప్పుడు రివర్స్ గేరు కర్రుమంది. పక్కన కూర్చున్న కుర్రవాడు ‘రివర్స్ అన్ని బండ్లలోనూ అంతే మేడమ్’ అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. చాలా కార్లలో రివర్స్‌కు, గేరు పళ్ల వేగాలను కలిపే సింక్రో రింగు ఉండదు కనుక బండి పూర్తిగా ఆగకముందే వేస్తే గేరు అరుస్తుంది. కానీ అప్పుడు బండి ఆగే ఉంది. క్లచ్ చివరిదాకా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి వేసినా అది అరిచింది. క్లచ్ తొక్కినా ఇంజను నుంచి గేర్‌బాక్స్ పూర్తిగా విడిపోవడం లేదని ఆ శబ్దం నాకు చెబుతూనే ఉంది. అది నా చెవిన పడింది, గేరు రాడ్డు మీద ఉన్న నా అరచేతికి తగిలింది, అయినా నేను మరో ప్రశ్న అడగలేదు. ఇందులో నా తప్పు ఏదైనా ఉంటే అది ఇదే, దీన్ని తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

మొదటి పది రోజులు ఊళ్లోనే నడిపాను. కాలేజీకి వెళ్లేది నేనొక్కదాన్నే, రెండో గేరు, మూడో గేరు, సమతలమైన రోడ్డు, కాబట్టి ఏ తేడా కనబడలేదు. కొత్తగా కారు కొన్నాం కదా, మల్లన్న దర్శనం చేసుకుని వద్దామని 11వ రోజున తెల్లవారుజామునే మావారు, అత్తయ్యగారు, మా అమ్మాయి, నేను బయలుదేరాం. వినుకొండ మీదుగా దోర్నాల దాకా బండి బాగానే నడిచింది. నల్లమలలో ఎక్కుడు మొదలైన కాసేపటికి మూడో గేరులో 40 మీద ఉన్న స్పీడు ముల్లు 30కి, ఆ తర్వాత 20కి దిగింది. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు మాత్రం 4,000 దాటి పైకి ఎగబాకింది. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ ఇంజను మోత పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు సాగడం లేదు. రెండో గేరులో ఒక మలుపు ఎలాగో దాటాను. అంతలో బ్రేకు లైనింగు మాడినట్టు, దానికంటే ఘాటుగా, కళ్లు మండే వాసన లోపలికి వచ్చింది. పక్కకు ఆపి, కాసేపు చల్లారనిచ్చి, ఒకటో గేరు వేసి క్లచ్ పూర్తిగా వదిలేశాను. ఇంజను ఆగిపోలేదు, బండి కదల్లేదు. ఎత్తు మీద గేరులో ఉన్న బండి క్లచ్ మొత్తం వదిలాక కూడా, ఇంజను ఆగకుండానే, కదలక నిలబడి ఉందంటే ప్లేటు ఇక దేన్నీ పట్టుకోవడం లేదన్నమాట.

మావారు దిగి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టారు. అక్కడ ఫోను సిగ్నల్ లేదు. మోకాళ్ల నొప్పులతో నడవలేని అత్తయ్యగారిని ఆ అడవిలో రోడ్డు పక్కన కూర్చోబెట్టుకుని గంటకు పైగా గడిపాం. చివరికి దిగి వస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు ఆపి, ఆమెను, అమ్మాయిని దోర్నాల దాకా దించారు. ఆ డ్రైవరుగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బండిని మార్కాపురం దాకా లాగించుకుని వెళ్లడానికి 4,500 రూపాయలు అయింది.

మార్కాపురంలో బండి చూసిన మేస్త్రి వయసు మళ్లినవారు. గేర్‌బాక్స్ దించకముందే ఆయన బానెట్ ఎత్తి, ఫోను వెలుతురులో నాకు ఒక నట్టు చూపించారు. గేర్‌బాక్స్ పైభాగమంతా మట్టీ నూనే కలిసి నల్లటి పెచ్చు కట్టి ఉంది. క్లచ్ కేబుల్ చివరనున్న సర్దుబాటు నట్టు మీద మాత్రం ఆ పెచ్చు లేదు. పానా జారిన గీతలు దాని మీద తెల్లగా మెరుస్తున్నాయి, నట్టు వెనక్కి జరిగిన మేరకు కేబుల్ మీది మరలు కొత్త ఇనుములా శుభ్రంగా ఉన్నాయి. ‘అమ్మా, ఈ నట్టును ఈ మధ్యనే ఎవరో వదులు చేశారు, బండి అమ్మే ముందు చేసే పని ఇది’ అన్నారాయన.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు చెబుతాను. క్లచ్ ప్లేటు పలచబడే కొద్దీ, దాన్ని ఇంజనుతో తిరిగే ఫ్లైవీల్ చక్రానికి నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు స్ప్రింగు వేళ్లు, పెడల్ తొక్కినప్పుడు వాటిని నెట్టే రిలీజ్ బేరింగు వైపు జరుగుతాయి, కేబుల్‌లో ఉండాల్సిన వదులు పోతుంది, పెడల్ పైపైకి వచ్చాక గాని బండి కదలదు. ఇలాంటి బండిలో నట్టును వదులు చేస్తే పెడల్ మళ్లీ సగం ఎత్తులోనే పట్టుకుంటుంది, నడిపి చూసేవాళ్లకు క్లచ్ ఆరోగ్యంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అయితే మరీ వదులు చేస్తే పెడల్ చివరిదాకా తొక్కినా ప్లేటు పూర్తిగా విడిపోదు, అప్పుడు రివర్స్ గేరు అరుస్తుంది. ఆ మాట వినగానే యార్డులో విన్న ‘కర్రు’ నా చెవుల్లో మళ్లీ మోగింది.

మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ దించారు. పాత ప్లేటును, కొత్త ప్లేటును పక్కపక్కన బల్ల మీద పెట్టి చూపించారు. కొత్తదాని లైనింగు మీద గాళ్లు గోరు దిగేంత లోతుగా ఉన్నాయి. పాతదాని మీద గాళ్ల ఆనవాలే లేదు, రెండు వైపులా లైనింగు సమంగా అరిగిపోయి రివెట్ల తలలు బయటపడ్డాయి. ఆ రివెట్లు ఫ్లైవీల్ ముఖం మీద గుండ్రంగా చారలు గీశాయి కనుక దాన్ని లేత్ మీద సాపు చేయించాల్సి వచ్చింది. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు కలిసిన సెట్టుకు 5,400, ఫ్లైవీల్ పనికి 900, కూలి 3,200. లాగుడు ఖర్చుతో కలిపి 14,000 రూపాయలు. పాత ప్లేటును పారేయవద్దని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

నిన్న ఆ ప్లేటు, బిల్లులు, నట్టు ఫోటోలు, తనిఖీ కాగితం పట్టుకుని మావారితో కలిసి యార్డుకు వెళ్లాను. యజమాని బల్ల మీద ప్లేటు పెట్టాను. ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు, నల్ల పొడి తన కాగితాల మీద రాలుతోందని పెన్నుతో పక్కకు నెట్టారు. తనిఖీ కాగితం చూపిస్తే, ‘అది డెలివరీ రోజు వరకే. క్లచ్ అరిగే వస్తువు, దానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వరు’ అన్నారు. అంతవరకు నేను శాంతంగానే ఉన్నాను. అప్పుడాయన నన్ను వదిలేసి మావారి వైపు తిరిగి, ‘సార్, ఘాట్ రోడ్డు మీద మేడమ్ గారి చేత నడిపించారా? లేడీస్ క్లచ్ మీద నుంచి కాలు తీయరు సార్. అలా నడిపితే కొత్త ప్లేటైనా ఒక్క రోజులో కాలిపోతుంది. ఈసారి మీరు నడపండి’ అన్నారు. వెనక నిలబడ్డ కుర్రవాళ్లు నవ్వారు. వాళ్లలో, ఆ రోజు నా పక్కన కూర్చుని రివర్స్ అన్ని బండ్లలోనూ అంతే అన్నవాడు కూడా ఉన్నాడు.

మావారికి డ్రైవింగ్ రాదు. ఆయన ఆ మాటే చెప్పారు, మా ఇంట్లో 22 ఏళ్లుగా బండి నడిపేది ఈవిడేనని, ఇంతకుముందున్న కారు 90 వేల కిలోమీటర్లు నడిచినా ఒక్కసారి కూడా క్లచ్ మార్చలేదని నిదానంగా చెప్పారు. యజమాని వినిపించుకోలేదు, ఫోను తీసుకుని లేచి వెళ్లిపోయారు. 14,000 రూపాయలు పోయినందుకు నాకు బాధ ఉంది. అంతకంటే ఎక్కువగా, నా ఎదుట నన్ను లేనట్టు చూసి, తాము చేసిన మోసాన్ని నా కాలి మీదకు నెట్టిన ఆ మాట నన్ను కాల్చేస్తోంది. కొనేటప్పుడు అదే మనిషి నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, ‘మేడమ్ మీరే నడిపి చూసుకోండి’ అన్నారు.

ఆయన మాటకు నేను అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతాను. హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కి ఉంచి నడిపి ఒక్క రోజులో కాల్చిన ప్లేటుకు ప్రెజర్ ప్లేటు మీద నీలం మచ్చలు పడతాయి, లైనింగు మాడుతుంది. ఘాట్‌లో జారి వేడెక్కింది కనుక అలాంటి మచ్చలు నా ప్రెజర్ ప్లేటు మీదా ఉన్నాయి, నేను కాదనను. కానీ లైనింగు గాళ్లు చెరిగిపోయి రెండు వైపులా సమంగా రివెట్ల దాకా అరగడం ఏళ్ల తరబడి వాడకం వల్ల జరుగుతుంది, 11 రోజుల్లో జరగదు. పోనీ, ప్లేటు నా వల్లే పోయిందని అనుకున్నా, ఆ నట్టును పానాతో తిప్పింది నేను కాదు.

ఇక కొనబోయేవారికి నాలుగు మాటలు. బండి చూడటానికి చెప్పకుండా వెళ్లండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదట స్టార్టు చేయండి. ఖాళీగా ఉన్న సమతలమైన రోడ్డు మీద 40, 50 వేగంలో నాలుగో గేరు వేసి యాక్సిలరేటరు ఒక్కసారి బాగా తొక్కండి. ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ జారుతోందని అర్థం, ఈ ఒక్క పని చేసి ఉంటే నాకు ఈ గతి పట్టేది కాదు. బండి ఆపి, క్లచ్ తొక్కి నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి, అరిస్తే ఎవరి మాటా వినకండి. అన్ని గేర్లూ బాగా పడి ఏ రెండోదో మూడోదో ఒక్కటే అరిస్తే అది క్లచ్ లోపం కాదు, గేర్‌బాక్స్‌లో సింక్రో రింగు అరిగిందన్నమాట, దాని ఖర్చు ఇంకా ఎక్కువ. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కినప్పుడు మోత మొదలైతే రిలీజ్ బేరింగును, తొక్కినప్పుడు మోత ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగును అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే ముందు చక్రం దగ్గర టకటకమని వినిపిస్తే యాక్సిల్ జాయింటు పోయింది, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉందేమో కూడా చూడండి. కేబుల్ క్లచ్ అయితే నట్టు మీద కొత్త పానా గీతలు వెతకండి. కేబుల్‌కు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడల్ మెల్లగా కిందికి కుంగుతోందా, రెండు మూడు సార్లు కొడితే గాని గట్టిపడటం లేదా అని చూడండి, అలాగైతే ఫ్లూయిడ్ కారుతోంది, లేదా లైనులో గాలి చేరింది. అన్నిటికన్నా ముందు, మీకు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకువెళ్లండి. అందుకు యార్డువాళ్లు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

ఈ రోజు పొద్దున 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంది, కొన్న ధర 5 లక్షల లోపే కనుక ఫీజు కూడా లేదు. ప్లేటును పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను. ఈ మధ్య విజయవాడలో యార్డుల దగ్గర కేబుల్ క్లచ్ కారు కొన్నవారు ఈ వారంలోనే బానెట్ ఎత్తి ఆ నట్టును ఒకసారి చూడండి. దాని మీద కొత్త గీతలు కనబడితే ఫోటో తీసి, మీ తనిఖీ కాగితంతో పాటు నాకు పంపండి. అదే యార్డు కాగితమైతే మన ఫిర్యాదులు కలిపి ఇద్దాం.