168 యూరోల కిటికీ, నేల మీద ద్రాక్ష

గ్రీస్‌లోని శాంటోరిని దీవిలో 'సముద్రం కనిపించే గది' అంటే ఏమిటో ముందు చెప్పాలి. స్నానాల గదిలో స్టూలు వేసుకుని ఎక్కి, పైనున్న చిన్న కిటికీలోంచి మెడ చాస్తే, రెండు నీళ్ల ట్యాంకుల మధ్య జానెడు నీలం కనిపిస్తుంది. అదే సముద్రం! రాత్రికి 168 యూరోలు. మూడు రాత్రుల సొమ్ము, 504 యూరోలు, ముందే కట్టించుకున్నారు. నిలదీస్తే యజమాని తానే స్టూలెక్కి చూసి, "కనిపిస్తోంది కదా!" అన్నాడు. మావారు ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఓయా అనే ఊళ్లో సూర్యాస్తమయానికి వెళ్లి జనం తలకాయలు చూసి వచ్చాం.

మూడో రోజు నా పట్టు మీద ద్రాక్షతోటకు వెళ్లాం. మా నాన్న మేడ్చల్ దగ్గర పందిళ్ల మీద ద్రాక్ష పండించేవారు. ఇక్కడ పందిరే లేదు. తీగను గంపలా చుట్టి నేల మీద వదిలేశారు, గుత్తులు లోపల దాక్కుంటాయి. వేసవిలో ఉత్తరం నుంచి వీచే మెల్టెమి గాలికి పందిరి నిలవదట. ఏడాదికి వాన 400 మిల్లీమీటర్లైనా ఉండదు, అదీ చలికాలంలోనే. వేసవంతా రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమే దిక్కు. దాన్ని పీల్చి పట్టి ఉంచేది సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం కక్కిన బూడిద, నురగరాయి. అక్రోతిరి పట్టణాన్ని పూడ్చేసింది కూడా అదే. మావారు ఒక రాయి తీసి, "మీ అమ్మ మడమలు రుద్దుకునే రాయి ఇదే కదా" అన్నారు. రెండు రోజుల్లో అదే మొదటి మాట.

ఈ నేలలో బంకమట్టి దాదాపు లేదు. అందుకే 19వ శతాబ్దంలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫైలోక్సెరా అనే వేరు పురుగు ఇక్కడ బతకలేకపోయింది. తీగ ముసలిదైతే మొదలు నరికేస్తారు, పాత వేరు నుంచే మళ్లీ చిగురు వస్తుంది. నాన్న ఉంటే నమ్మేవారు కాదు.

నాలుగు గ్లాసుల వైన్ రుచికి మనిషికి 24 యూరోలు. అసిర్టికో అనే ఇక్కడి ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ నిమ్మపులుపు, చివర్న కాస్త ఉప్పదనం, నాకు నచ్చలేదు. రెండు వారాల పాటు ఎండబెట్టిన ద్రాక్షతో చేసే విన్‌సాంటో అనే తీపి వైన్ మాత్రం ఖర్జూరపు పాకమే.

అసలు ఆనందం భోజనంలో దొరికింది. 'ఫావా' అని 9 యూరోలకు తెచ్చిపెట్టింది సాక్షాత్తూ ముద్దపప్పు! ఆ బూడిద నేలలో పండే పసుపుపచ్చ పప్పు, పైన ఉల్లిపాయలు, నెయ్యికి బదులు ఆలివ్ నూనె.

వెళ్లేవారు కిటికీకి డబ్బు తగలేయకండి. పిర్గోస్, మెగలోహోరి లాంటి లోపలి ఊళ్లలో దిగండి. సముద్రం బస్సులోంచి కూడా కనిపిస్తుంది.

రెండో పళ్లెం మావారే అడిగి తెప్పించుకున్నారు. ఆవకాయ సీసా మాత్రం గదిలోనే ఉండిపోయింది.