నేషనల్ హిస్టరీ డే ‘మెంటర్ ప్యాకేజీ’లు కొనేవాళ్లు జాగ్రత్త

అమెరికాలో సిక్స్త్ నుంచి ట్వెల్త్ గ్రేడ్ దాకా చదివే పిల్లలున్న తెలుగువాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. స్కూలు పిల్లలు చరిత్ర మీద సొంతంగా పరిశోధన చేసి ప్రాజెక్టులు పెట్టే నేషనల్ హిస్టరీ డే (ఎన్‌హెచ్‌డీ) పోటీకి ‘రీసెర్చ్ మెంటర్‌షిప్’ అంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్యాకేజీల్లో ఒకటి మేం కొన్నాం. 1,600 డాలర్లు, రెండు వాయిదాలు. ‘పనంతా పిల్ల చేతే చేయిస్తాం, నేషనల్స్ (జాతీయ ఫైనల్) గ్యారంటీ’ అన్నారు.

మా అమ్మాయి అప్పుడు సెవెంత్ గ్రేడ్. 2025 పోటీ అంశం హక్కులు, బాధ్యతలు. భగత్ సింగ్ థిండ్ కేసును తనే ఎంచుకుంది. భారత్ నుంచి వలస వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినాయన. ఆయనకు పౌరసత్వం పొందే అర్హత లేదని 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తేల్చేసింది. మెంటర్ మొదట్లో జూమ్‌లో బాగానే మాట్లాడాడు. తర్వాత ‘టైమ్ వేస్ట్ ఎందుకు, డ్రాఫ్ట్ నేనే పంపిస్తా’ అని పోటీకి పెట్టాల్సిన వెబ్‌సైట్ మొత్తం తానే రాసి పంపేశాడు.

బిబ్లియోగ్రఫీ (వాడిన ఆధారాల జాబితా) చూస్తూ తప్పుల్ని పిల్లే పట్టుకుంది. కోర్టు తీర్పు మీద ఓ పత్రిక వార్త అని పెట్టారు, దాని తేదీ ఫిబ్రవరి 11. తీర్పు రాకముందే తీర్పు వార్త అచ్చయిందన్నమాట! థిండ్ రాశారన్న ఓ ఉత్తరం కోసం స్కూల్ లైబ్రేరియన్ ఎంత వెతికినా దొరకలేదు. ఏఐ పుట్టించినవేనని మా అనుమానం. ఇక ప్రాసెస్ పేపర్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరిశోధన ఎలా చేశారో 500 పదాలు మించకుండా పిల్లలే చెప్పుకోవాల్సిన కాగితం అది. అందులో ‘నేను సియాటిల్ వెళ్లి పాత ఫైళ్లు తిరగేశాను’ అని ఉంది. మేం ఉండేది న్యూజెర్సీలో. ఆ పిల్ల సియాటిల్ మొహం కూడా చూడలేదు.

వాళ్లు రూల్ బుక్ తెరిచినట్టే లేదు. వెబ్‌సైట్‌లో విద్యార్థి సొంత మాటలు 1,200 దాటకూడదు, వీళ్లు దాదాపు రెట్టింపు రాశారు. సైటును పోటీ నిర్వాహకుల సొంత వేదిక ఎన్‌హెచ్‌డీ వెబ్‌సెంట్రల్‌లోనే కట్టాలి, వీళ్లు వేరేచోట కట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాజెక్టు పిల్లల సొంత పనై ఉండాలి. పెద్దవాళ్లు సలహా ఇవ్వొచ్చు గానీ రాసిపెట్టకూడదు. ‘ఈ ఆధారం ఎక్కడ దొరికింది, ఎందుకు నమ్మావు’ అని జడ్జిలు అడిగితే అక్కడ నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది పిల్లే, మెంటర్ కాదు. పైగా మార్కుల్లో 80 శాతం చరిత్ర పరిశోధన నాణ్యతకే.

ఆ గ్యారంటీ సంగతీ చెబుతా. జూన్‌లో మేరీలాండ్ యూనివర్సిటీలో జరిగే ఫైనల్‌కి ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో విభాగంలో వెళ్లేవి రెండే ఎంట్రీలు. దానికి ఎవరైనా గ్యారంటీ ఇస్తున్నారంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. పోటీ నిర్వాహకులతో ఒప్పందం ఉందంటే రాతపూర్వకంగా చూపించమనండి. మాకు ప్యాకేజీ అమ్మినవాళ్లు చూపించలేదు, ‘కాన్ఫిడెన్షియల్’ అన్నారు.

నిజానికి కొనాల్సిందేమీ లేదు. రూల్ బుక్ పోటీ సైట్‌లో ఉచితం. పాత పత్రికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికాలో ఉచితం. మనవాళ్ల చరిత్ర కావాలంటే సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ ఉంది, అదీ ఉచితమే. మా అమ్మాయి వీటితో, సోషల్ స్టడీస్ టీచర్ సాయంతో మొత్తం మళ్లీ మొదలుపెట్టి చేసింది. రీజినల్స్ (ప్రాంతీయ పోటీ) దాటలేదు, అది వేరే విషయం.

డబ్బు సంగతికొస్తే, ‘ఫైల్ డెలివరీ అయ్యాక రిఫండ్ ఉండదు’ అన్నారు. మొదటి వాయిదా జెల్ (Zelle) యాప్‌లోనే పంపమని పట్టుబట్టి తీసుకున్నారు, అది పోయినట్టే. రెండోది క్రెడిట్ కార్డు మీద కట్టాం కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేసి, ఆ ఫిబ్రవరి 11 వార్త స్క్రీన్‌షాట్, కాంట్రాక్టు రెండూ జతచేస్తే వెనక్కొచ్చింది. ఆ తర్వాత 2026 అంశం ‘విప్లవం, ప్రతిస్పందన, సంస్కరణ’ పేరుతో అదే ఫ్లయర్ మళ్లీ గ్రూపుల్లోకి వచ్చింది, ధర మాత్రం 200 డాలర్లు పెంచారు.