పగలు నంది కొండ, రాత్రి టూర్ ద ఫ్రాన్స్

ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలు సాగే సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌ను ప్రాణంగా చూసేవాళ్లకు మన టైము బాగా కలిసొస్తుంది. అక్కడ మధ్యాహ్నం బయలుదేరే స్టేజీ, అంటే ఒక రోజు రేసు, మనకు సాయంత్రం మొదలై, మామూలుగా రాత్రి తొమ్మిది ప్రాంతంలో ముగుస్తుంది. పగలంతా సైకిల్ తొక్కొచ్చు, చీకటి పడ్డాక రేసు చూడొచ్చు. 2025 టూర్ చివరి మూడు స్టేజీలను, అంటే జులై 25 శుక్రవారం నుంచి 27 ఆదివారం దాకా, బెంగళూరులో ఇలాగే చూశాం. నేను అనంతపురం నుంచి వెళ్లాను. యలహంకలో ఉండే మా బావ, ఆయన ఆఫీసులోని ఇద్దరు తెలుగు కుర్రాళ్లు అటువైపు నుంచి వచ్చారు. ఇలా వెళ్లాలనుకునే మనవాళ్లకు బస, సైకిళ్లు, టీవీ సంగతులు పనికొస్తాయని రాస్తున్నాను.

మొదట బస. సిటీలో గది తీసుకుని తెల్లవారుజామున ఊరికి ఉత్తరాన ఉన్న నంది కొండకు వెళ్లడం చాలామంది చేసే పని. అరవై కిలోమీటర్లు వెళ్లి, కొండ ఎక్కి, మళ్లీ ట్రాఫిక్‌లో వెనక్కి వస్తే సాయంత్రం రేసు ముందు కళ్లు మూతలు పడతాయి. శుక్ర, శనివారాలు కొండ కింద ఉండి, ఆదివారం సిటీకి రావడం మంచిదని నా అభిప్రాయం. మన వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. బాగేపల్లి మీదుగా 44వ నంబరు హైవేలో వస్తే చిక్కబళ్లాపురం దగ్గరే దిగిపోవచ్చు, సిటీలోకి వెళ్లక్కర్లేదు. బస్సు డిక్కీలో సైకిల్ పెట్టాలంటే ముందు చక్రం విప్పి, గేరు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. కండక్టరుతో లగేజీ మాట ఎక్కేముందే తేల్చుకోండి.

కొండ మీద కూడా గదులున్నాయి. సూర్యోదయం, మబ్బులు చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. సైకిల్‌వాళ్లకు మాత్రం అది తలకిందుల వ్యవహారం. పొద్దున్నే చలిలో, తడి రోడ్డు మీద ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. కింద రిసార్టులు చాలా ఉన్నాయి. మేం అడిగిన ఒకచోట పెద్ద టీవీ ఉంది కానీ సైకిళ్లు గదిలోకి వద్దు, కార్ల షెడ్డులో పెట్టమన్నారు. లక్షల ఖరీదు చేసే సైకిళ్లు కూడా ఉంటాయని చెప్పినా మేనేజరు వినలేదు. చివరికి నంది గ్రామం దగ్గర ఒక రైతు ఇంటి మేడ మీద రెండు గదులు దొరికాయి. రిసార్టు వాళ్లు అడిగిన దాంట్లో మూడోవంతు కూడా కాలేదు. వేడినీళ్లు, సైకిళ్లు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి, రాత్రికి రాగి సంగటి, ఆకుకూర పులుసు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు బాగా మాట్లాడతారు కాబట్టి ఏది కావాలన్నా అడగడానికి మొహమాటం లేదు.

నంది ఎక్కడానికి శుక్రవారం పొద్దున చాలా అనువైన సమయం. వారాంతం తెల్లవారుజామున సూర్యోదయం కోసం వచ్చే కార్లు గేటు దాకా బారులు తీరతాయి, మలుపుల్లో సైకిల్‌కు చోటుండదు. కొండ కింద నుంచి పైకి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు, మలుపు తర్వాత మలుపు. మొదట్లో వాలు మర్యాదగానే ఉంటుంది. అక్కడ ఉత్సాహపడి తొక్కినవాళ్లకు చివరి రెండు కిలోమీటర్లలో కాళ్లు చెప్పిన మాట వినవు. శిఖరం 1,478 మీటర్లు. పైన కోతులు జెర్సీ వెనక జేబులోంచి కూడా తిండి లాక్కుంటాయి, జాగ్రత్త. ఇంత దూరం వచ్చి కొండ ఎక్కడం దేనికంటే, ఆ రోజు సాయంత్రం చూడబోయే ఆల్ప్స్‌లోని లా ప్లాన్ కొండ ఎక్కుడు 19.1 కిలోమీటర్లు, సగటు వాలు 7.2 శాతం. నంది ఎక్కి వచ్చిన కాళ్లతో కూర్చుంటే ఆ అంకెల బరువు ఒంటికి తెలుస్తుంది. టీవీలో వాళ్ల ముఖాలు తేలిగ్గా కనిపిస్తున్నా లోపల ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

ఆ శుక్రవారం స్టేజీ నాకు జీవితాంతం గుర్తుంటుంది. ఆల్బర్ట్‌విల్ నుంచి లా ప్లాన్‌కు 130 కిలోమీటర్లు వెళ్లాల్సింది. దారిలోని కోల్ ద సేజీ మీద పశువులకు అంటువ్యాధి సోకి ఒక మందను చంపాల్సి రావడంతో, ఆ కనుమను తప్పించి స్టేజీని 95 కిలోమీటర్లకు తగ్గించారు. గంట ఆలస్యంగా, మనకు సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టారు. ఇంటావిడ కాఫీ తెచ్చి, ఇంకా మొదలు కాలేదేమని అడిగింది. బావ విషయం చెప్పాడు.

"ఆవులకు ఒళ్లంతా గడ్డలు లేస్తాయే, ఆ రోగమా అప్పా?"

"అదేనమ్మా, లంపీ స్కిన్."

"మాకూ వచ్చింది. రెండావులు పోయినాయి. పాపం, మందను మందే చంపినారా?"

2022లో మన దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో పశువులను తీసిన రోగం అదే. పాడి మీద బతికే ఇల్లది. ఆమె వెళ్లిపోకుండా మాతోపాటు కూర్చుంది. సైకిళ్ల గురించి కాక, కొండవాలు మీద మేసే ఆవుల గురించి, అక్కడ పాలు లీటరు ఎంత పలుకుతాయో అడిగింది. రేసు దారిని రైతు దుఃఖానికి తగ్గట్టు మార్చారన్న విషయం మా అందరికంటే ఆమెకే బాగా తెలిసింది.

రేసు కూడా అంతే బాగా సాగింది. ఇనియోస్ జట్టు కుర్రాడు తైమన్ ఆరెన్స్‌మన్ చివరి కొండ మీద ఒంటరిగా ముందుకెళ్లాడు. వెనక మొత్తం టూర్‌లో మొదటి, రెండో స్థానాల్లో ఉన్న పొగాచార్, వింగెగోర్ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఇతనికి దగ్గరయ్యారు. ఇతను వెనక్కి తిరిగి చూడడానికి కూడా భయపడుతూ తొక్కాడు. గెలిచింది రెండు సెకన్ల తేడాతో. మా కుర్రాళ్లలో చిన్నవాడు మంచమెక్కి అరిచాడు. ఇంటాయన గొడవేమిటని కిందనుంచి పరిగెత్తుకొచ్చాడు.

ఇక్కడ ఒక మాట. కొండ కింద సెల్ సిగ్నల్ నిలకడగా ఉండదు. మేం ఇంటివాళ్ల వైఫైకి ల్యాప్‌టాప్ కలిపి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో వాళ్ల టీవీకి పెట్టాం. గది మాట్లాడేటప్పుడే వైఫై ఉందా, టీవీకి ఆ సాకెట్ ఉందా అని అడగండి. కేబుల్ మాత్రం మనమే తీసుకెళ్లాలి.

శనివారం కొండ జోలికి పోలేదు. భోగ నందీశ్వర గుడి, దాని పెద్ద కోనేరు, అక్కడి నుంచి విశ్వేశ్వరయ్య గారి ముద్దెనహళ్లి, ద్రాక్ష తోటల మధ్య ఊరి రోడ్లు. వాహనాలు తక్కువ, నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లొచ్చు. సాయంత్రం పొంతార్లియే స్టేజీలో స్ప్రింటర్ (గుంపుగా వచ్చి చివర్లో వేగంతో గెలిచే రకం) అయిన కేడెన్ గ్రోవ్స్ వానలో ఒంటరిగా గెలిచాడు.

అద్దె సైకిళ్ల సంగతి. కుర్రాళ్లిద్దరూ సిటీలో రోడ్ బైకులు అద్దెకు తీసుకున్నారు. ఒకటి చక్కగా ఉంది. రెండోదానికి వాలు తగిలితే చాలు వెనక గేరు జారిపోయింది, బావ స్క్రూ తిప్పి సరిచేశాడు. షాపు ముందు చదును రోడ్డు మీద తొక్కి చూస్తే ఇది బయటపడదు. దగ్గర్లోని ఫ్లైఓవర్ ఎక్కి చూడండి. వెనక పెద్ద పళ్లచక్రం 32 పళ్లదైనా ఉండాలని అడగండి, 28 అయితే నంది చివర్లో మోకాళ్లు పట్టేస్తాయి. బ్రేక్ ప్యాడ్లు అరిగాయేమో చూడండి, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ప్రమాదం. హైవే పంచర్ షాపుల్లో రోడ్ బైకు ట్యూబులకుండే సన్నటి ప్రెస్టా వాల్వ్‌కు గాలి పట్టే ముక్క ఉండదు. చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో వేసుకుంటే చాలు.

ఆదివారం పొద్దున కబ్బన్ పార్కు. ఆ రోజు లోపలి రోడ్ల మీద వాహనాలను రానివ్వరు కాబట్టి పిల్లలతో వచ్చినవాళ్లకు ఇదే మేలు. కుర్రాళ్ల కోరిక మీద సాయంత్రం పెద్ద తెర ఉన్న ఒక పబ్‌కు వెళ్లాం. అదే రోజు మాంచెస్టర్ టెస్టు ఆఖరి రోజు. జడేజా, వాషింగ్టన్ సుందర్ కలిసి ఇంగ్లండ్‌ను విసిగిస్తున్నారు. ఒక్క తెర, మూలన ఉన్నదైనా ఇమ్మని ముందే ఫోన్ చేసి మాట తీసుకున్నాం. వెళ్లాక అన్నింట్లోనూ క్రికెట్టే, మాటిచ్చిన మనిషి డ్యూటీలో లేడు. ఆ టెస్టు నిలబెట్టుకోవడం నాకూ సంతోషమే, కానీ మేం వచ్చింది పారిస్ కోసం. ఉన్నపళంగా యలహంకలోని బావ ఫ్లాట్‌కు బయలుదేరాం.

పారిస్ స్టేజీ ఆలస్యంగా మొదలవుతుంది, ముగిసేసరికి మనకు పదకొండు కావస్తుంది. ఈసారి ముగింపు గీత ఉండే షాంజెలీజే రోడ్డుతో పాటు మోంమార్త్ర్ గుట్టను మూడుసార్లు ఎక్కించారు. వాన వల్ల మొత్తం టూర్ విజేతను తేల్చే టైమును స్టేజీ ముగియకముందే లెక్కగట్టేశారు. పొగాచార్ నాలుగో టూర్ ఖాయమైపోయింది. అయినా అతను తడి రాళ్ల రోడ్డు మీద వేగం పెంచి దాడి చేశాడు! చివరిసారి ఎక్కేటప్పుడు అతణ్ని వదిలించుకుని ముందుకెళ్లింది వౌట్ వాన్ ఆర్ట్. 2021లో ఒకే టూర్‌లో వాంటూ కొండ స్టేజీ, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్, షాంజెలీజే స్ప్రింట్ మూడూ గెలిచిన మనిషి. 2024లో పడి పక్కటెముకలు, తర్వాత మోకాలు దెబ్బతిన్నాక ఇతని పని అయిపోయిందని ఎందరో అన్నారు. నేను అతని అభిమానిని. అతను ఒక్కడే గీత దాటుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. బావ ఏమీ అనకుండా టీవీ సౌండు పెంచాడు.

ఆ రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. అనంతపురం బస్సులు హెబ్బాళలో దొరుకుతాయి కానీ పదకొండు దాటాక సైకిల్‌తో టెన్షన్. సోమవారం తెల్లవారుజామున వెళ్లడం నయం.

2026 టూర్ జులై 4న బార్సిలోనాలో మొదలవుతుంది. 24, 25 తేదీల్లో, శుక్ర, శనివారాలు, వరుసగా రెండు స్టేజీలు ఆల్ప్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీదే ముగుస్తాయి. ఆ రెండు రాత్రులకు మేడ మీది గదులు ఇంటావిడకు ఇప్పుడే చెప్పి ఉంచాం.