ఐఆర్‌సీ చాలా ఏళ్లు వాడాక: అడిగి వెళ్లిపోతే ఏమీ రాదు, ఉంటేనే వస్తుంది

ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్, అక్షరాలతో మాత్రమే నడిచే పాత చాట్) ఇంకా ఎవరు వాడుతున్నారండీ అని అడిగేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నేను వాడుతున్నా, రోజూ, లైనక్స్‌లో ఏదైనా పీకల మీదికొస్తే ఇప్పటికీ ముందు తెరిచేది అదే. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్కో ఓయికరినెన్ అనే ఆయన తయారుచేసిన చాట్ ఇది, ఇన్నేళ్లయినా లోపలి పద్ధతి పెద్దగా మారలేదు, ఒక లైను పంపడం ఒక లైను అందుకోవడం, అంతే. ఫొటోలు పెట్టలేం, మామూలుగా అయితే పాత మెసేజ్‌లు కూడా ఉండవు, మనం కనెక్ట్ అయినప్పటి నుంచి వచ్చినవే కనపడతాయి.

కొత్తవాళ్లు విసుగెత్తి వెళ్లిపోయేది ఇక్కడే. ఛానెల్‌లో, అంటే ఒక్కో విషయానికి ఉండే చాట్ గదిలో, వందల పేర్లు కనపడతాయి, ప్రశ్న అడుగుతారు, పది నిమిషాలు చూస్తారు, ఉలుకూ పలుకూ ఉండదు, ఇది ఖాళీ ఛానెల్ అనుకుని క్విట్ కొట్టేస్తారు. తర్వాత ఎప్పుడో విషయం తెలిసిన మనిషి పని ముగించుకుని వచ్చి జవాబు చెప్దామని చూస్తే అడిగినవాళ్లే లేరు. ఇది ఎన్నిసార్లు చూశానో చెప్పలేను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ జవాబు చాలాసార్లు అద్భుతంగా ఉంటుంది.

నాకు జరిగిందే చెప్తా. సర్వర్‌లో రూట్ పార్టిషన్ (డిస్క్‌లో ప్రధాన భాగం) వంద శాతం నిండిపోయిందని డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) చూపిస్తోంది, డీయూ (ఫోల్డర్ల సైజు లెక్కపెట్టే కమాండ్) పెట్టి ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా రావట్లేదు. రెండు అవుట్‌పుట్‌లూ పేస్ట్ సైట్‌లో పెట్టి లింక్ ఇచ్చి అడిగా. చాలాసేపు ఏమీ లేదు. రాత్రి ఒకాయన వచ్చి, డిలీట్ చేసిన ఫైల్‌ని ఏదో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పట్టుకుని కూర్చుని ఉంటుంది, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి (తెరిచి ఉన్న ఫైళ్లని చూపే కమాండ్) ప్లస్ ఎల్ వన్ (+L1) ఆప్షన్ ఇచ్చి చూడండి అన్నారు. కొడితే నిజంగానే ఒక పెద్ద లాగ్ ఫైల్, పేరు పక్కన డిలీటెడ్ అని. సర్వీస్ రీస్టార్ట్ చేయగానే జాగా మొత్తం తిరిగొచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు, ఆర్‌ఎమ్ (ఫైల్ డిలీట్ చేసే కమాండ్) కొడితే పోయేది పేరు మాత్రమేనని, లింక్ కౌంట్ (ఆ ఫైల్‌కి ఉన్న పేర్ల లెక్క) సున్నా అయినా ఎవరో ఒకరు ఫైల్‌ని తెరిచి ఉంచినంతకాలం కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ఆ బ్లాకుల్ని, అంటే డిస్క్‌లో ఆ జాగాని, వదలదని, డీయూ పేర్లు పట్టుకుని లెక్కపెడుతుంది కాబట్టి దానికి అది దొరకదని, డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌ని అడుగుతుంది కాబట్టి దాని లెక్కలో వస్తుందని ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఆయనెవరో, ఏ దేశమో ఇప్పటికీ తెలీదు. నేను కనెక్ట్ అయి ఉండబట్టే ఆ మాటలు నాకు అందాయి.

అందుకే నా సెటప్ అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్‌లో టీమక్స్ (మనం వెళ్లిపోయినా టెర్మినల్‌ని నడిపే టూల్) సెషన్, అందులో వీచాట్ అనే ఐఆర్‌సీ క్లయింట్. లాప్‌టాప్ మూసేసినా సెషన్ నడుస్తూనే ఉంటుంది, పొద్దున్నే ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి అటాచ్ అయితే రాత్రి జరిగిందంతా ఉంటుంది. టెర్మినల్ వద్దు అనుకుంటే జెడ్‌ఎన్‌సీ లాంటి బౌన్సర్ (మన తరఫున ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండే ప్రోగ్రామ్) పెట్టుకోండి, ఫోన్ నుంచి కూడా అదే కనెక్షన్‌కి రావచ్చు. నిక్‌సర్వ్‌కి (మన నిక్‌ని, అంటే చాట్ పేరుని, కాపాడే సర్వీస్) పాస్‌వర్డ్ చేత్తో టైప్ చేయకండి, స్లాష్ ముందు ఒక్క స్పేస్ పడిందా చాలా క్లయింట్లలో అది ఛానెల్ మొత్తానికీ వెళ్లిపోతుంది. ఎస్‌ఏఎస్‌ఎల్ (క్లయింటే లాగిన్ చేసే పద్ధతి) పెట్టుకుంటే కనెక్ట్ అయ్యేటప్పుడే లాగిన్ అయిపోతుంది, క్లోక్ (మీ అడ్రస్‌ని దాచే ముసుగు) ఉంటే ఛానెల్‌లో అడుగుపెట్టేలోపే పడుతుంది, మీ ఐపీ మామూలు యూజర్లకి కనపడదు.

తెలుగులో మాట్లాడుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక మెసేజ్ హద్దు 512 బైట్లు, అందులోనే మీ నిక్, హోస్ట్, ఛానెల్ పేరు కూడా పోతాయి. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి మరో 3, ఒత్తు ఉంటే ఇంకా ఎక్కువ. ఇంగ్లీషులో హాయిగా పట్టే పేరా తెలుగులో మధ్యలోనే తెగిపోతుంది. మంచి క్లయింట్ అయితే విడగొట్టి పంపుతుంది, లేకపోతే చివర్లో ప్రశ్నార్థకం డబ్బా కనపడుతుంది. చిన్న చిన్న వాక్యాలు రాయడమే మేలు.

నచ్చనివీ ఉన్నాయి. కొందరు పెద్దలు విసుక్కుంటారు, మ్యాన్ పేజీ (కమాండ్ వాడకం చెప్పే పేజీ) చదవలేదా అంటారు, తప్పు వాళ్లదే, కొత్తవాళ్లని అలా తరిమేయడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. అయితే అసలు ఏం చేయాలనుకుంటున్నారో, ఏం కొట్టారో, ఏం ఎర్రర్ వచ్చిందో మొదటి లైన్లలోనే చెప్పేస్తే వాళ్లే ఎంతో మారిపోతారు, ఇది చాలాసార్లు చూశా. "ఒక డౌట్ అడగొచ్చా" అని ఆగిపోతే మాత్రం ఎవరూ పలకరు.

2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ వాలంటీర్లు బయటికొచ్చి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టినప్పుడు ఉబుంటు, ఫెడోరా, జెంటూ లాంటి లైనక్స్ ఛానెళ్లు, వికీమీడియా ఛానెళ్లు అక్కడికి మారాయి. నేను చేసిందల్లా కాన్ఫిగ్‌లో సర్వర్ పేరు మార్చి నిక్ రిజిస్టర్ చేసుకోవడం. క్లయింట్ అదే, స్క్రిప్టులు అవే, కొన్నాళ్లకి పాత నిక్‌లన్నీ ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. డెబియన్ (ఇంకో లైనక్స్) వాళ్లు కావాలంటే ఓఎఫ్‌టీసీ అనే మరో నెట్‌వర్క్‌లో ఉంటారు, అక్కడికి ఇంకో కనెక్షన్ కలుపుకోవాలి, అదే వీచాట్‌లో పక్క బఫర్‌గా (విండోలా) వస్తుంది.