ఆగిపోయిన అపార్టుమెంటుకు పటుత్వ పరీక్ష: కాకినాడ తనిఖీ బృందంతో మా అనుభవం

భీమవరం శివారులో మేము 24 కుటుంబాలవాళ్లం కొనుక్కున్న అపార్టుమెంటు అయిదు స్లాబులు పడి, గోడలు లేవకుండానే ఆగిపోయింది. 2019లో ఇసుక దొరకక మొదట పని మందగించింది. తరువాత కొనేవాళ్లు తగ్గిపోయి మిగిలిన ఫ్లాట్లు అమ్ముడుపోకపోవడంతో బిల్డరు చేతులెత్తేశారు. ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రెరా చట్టం 18వ సెక్షను కింద వడ్డీతో డబ్బు వాపసు అడగవచ్చు. ప్రాజెక్టు రిజిస్ట్రేషను గడువు తీరినా, రద్దయినా, మిగిలిన పని చేపట్టే మొదటి అవకాశాన్ని 8వ సెక్షను కొనుగోలుదారుల సంఘానికి ఇస్తుంది. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చుకోవాలంటే కట్టినంతవరకు గట్టిగా ఉందో లేదో ముందు తెలియాలి కనుక, కాకినాడలో ఒక విశ్రాంత ఇంజనీరు నడిపే తనిఖీ బృందాన్ని పిలిపించాం.

అంతకుముందు వచ్చిన మరొకరు పైపొర గట్టితనాన్ని బట్టి బలాన్ని అంచనా వేసే రీబౌండ్ హ్యామరుతో పిల్లర్లను పరీక్షించి, అంకెలు బాగున్నాయని ఒక్క పూటలో కాగితం రాసిచ్చి వెళ్లారు. ఈ బృందం ఆ అంకెలను నమ్మలేదు. ఏళ్ల తరబడి పూత లేకుండా ఉన్న కాంక్రీటు పైపొర గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుందనీ, అందువల్ల హ్యామరు ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపిస్తుందనీ, అదే మార్పు లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా ఉండే రక్షణను పోగొడుతుందనీ మాలో చదువుకోని పెద్దలకు కూడా తెలిసేలా వివరించారు. ఒక పిల్లరు అంచు చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే లోపల గులాబీరంగు వచ్చింది, పైన చిటికెనవేలి మందాన ఏ రంగూ రాలేదు, అంటే అంతమేర ఆ రక్షణ పోయిందన్నమాట. నా రిటైర్మెంటు డబ్బంతా ఆ పిల్లర్లలోనే ఉంది. రంగు రాని ఆ పట్టీని చూసి గుండె జారిపోయింది.

తరువాత బలం పరీక్షించడానికి కాంక్రీటును తొలిచి గుండ్రటి ముక్కలు (కోర్లు) తీశారు. ఎం20 (చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలానికి ఉద్దేశించిన) కాంక్రీటుకు కోర్ల సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 17 న్యూటన్లు ఉండాలనీ, ఏ ఒక్కటీ 15కు తగ్గకూడదనీ కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పై అంతస్తుల నమూనాలు నెగ్గాయి, గ్రౌండు ఫ్లోరులో రోడ్డువైపు నాలుగు పిల్లర్లు నెగ్గలేదు. చుట్టూ రొయ్యల చెరువులు ఉన్నాయని గమనించి, లిఫ్టు గుంతలో నిలిచిన నీటిని మేము అడగకముందే, ఇనుముకు తుప్పు పట్టించే ఉప్పు ఎంతుందో తెలిపే క్లోరైడు పరీక్షకు పంపారు. మరమ్మతుకు కాంట్రాక్టరును చూపమంటే, తనిఖీ చేసినవాళ్లు పని ఇప్పించకూడదని నిరాకరించారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

లోపాలు కూడా ఉన్నాయి. ఒండ్రు నేలలో పునాదే ముఖ్యం కాగా, ఒక్క ఫుటింగును (పిల్లరు కింది పునాది దిమ్మెను) కూడా తవ్వి చూడకుండా నివేదిక ముగించబోయారు. మేము పట్టుబట్టిన తరువాతే రెండుచోట్ల తవ్వించారు, ఊటనీరు తోడించే ఖర్చు మా మీదే వేశారు. నివేదిక మూడు వారాలు ఆలస్యమైంది, అదీ పూర్తిగా ఇంగ్లీషులో వచ్చింది. సొంత డబ్బు పెట్టిన మనిషి చదువుకోవడానికి తెలుగులో రెండు పేజీల సారాంశమైనా ఇచ్చి తీరవలసింది. మరమ్మతుకు ఎంతవుతుందో అంచనా కూడా వేయలేదు.

ఫ్లాటుకు 5,000 రూపాయల చొప్పున పోగుచేసి రుసుము చెల్లించాం. ఆ నాలుగు పిల్లర్లకు జాకెటింగు (చుట్టూ అదనపు ఇనుము, కాంక్రీటు తొడుగు) చేయించి పని కొనసాగించాలని 19 కుటుంబాలూ, డబ్బు వాపసు కోరాలని అయిదు కుటుంబాలూ నిర్ణయించుకున్నాయి. రెండు పక్షాలూ తమ దరఖాస్తులకు ఈ నివేదికనే జతచేస్తున్నాయి.