1800-11-2356: లంక చుట్ట మానాలనుకునేవాళ్లకి ఈ నంబరు ఎంత అక్కరకొస్తుంది?

పొగాకు మానడానికి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ నంబరిది, 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్ పెట్టెల మీద అచ్చవుతోంది. సంతలో విడిగా కొనే లంక చుట్టకి మాత్రం పెట్టె ఉండదు, దాంతో నంబరూ కనబడదు. రాజోలు, ముమ్మిడివరం వైపు దశాబ్దాలుగా చుట్ట కాలుస్తున్న పెద్దవాళ్లలో చాలామందికి ఇలాంటి సేవ ఒకటుందనే తెలియకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఫోను ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, సోమవారం సెలవు. ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో మొదలైంది. తర్వాత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా చేరడంతో తెలుగులో మాట్లాడే వీలు కలిగింది. మొదట పేరు నమోదు చేసుకుంటారు, అలవాటు గురించి అడుగుతారు, మానే తారీఖు ఒకటి అనుకోమంటారు. ఆ తర్వాత కౌన్సెలర్లే తిరిగి ఫోన్ చేస్తారు. ఈ సేవలో అసలు బలం ఇదే. తెలియని నంబరు కదా, అప్పులవాళ్లేమో అని కోసేస్తే సగం లాభం పోయినట్టే.

రోజుకి ఎన్ని అని అడిగినప్పుడు చుట్టవాళ్లు "రెండే" అంటారు. ఆ రెండూ ఆర్పి, ముట్టించి, మళ్లీ ఆర్పి రోజంతా నడుస్తాయి. పైగా చుట్ట పొగకి క్షారగుణం ఎక్కువ కాబట్టి గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. "నేను పొగ మింగను" అన్న మాట ఇక్కడ చెల్లదు. అందుకని లెక్క చెప్పి ఊరుకోకండి. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తారో కూడా చెప్పండి. అరగంట లోపే అయితే అలవాటు గట్టిదని అర్థం, మందు అవసరమూ ఎక్కువే.

మందులు ఈ నంబరు నుంచి రావు. ఇదే పెద్ద లోటు. యావ తగ్గించే 2 మి.గ్రా. నికోటిన్ గమ్ చీటీ లేకుండా దొరుకుతుంది, 4 మి.గ్రా. కి డాక్టరు చీటీ కావాలి. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు. నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెల్లో మంట పుడతాయి, "ఇది పడదు" అని పారేస్తారు. నెమ్మదిగా నమలాలి. కారంగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆపి దవడకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. టీ, కాఫీ, సోడా గమ్‌కి పావుగంట ముందు నుంచే ఆపాలి, లేకపోతే నోట్లో నికోటిన్ ఎక్కదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ పన్నెండు వారాలకి ముగించాలి.

పళ్లు కదిలిపోయినవాళ్లకి, కట్టుడు పళ్లవాళ్లకి గమ్ కంటే ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్ నయం. రోజుకొకటి, రోజుకో చోట, వెంట్రుకల్లేని పొడి చర్మం మీద అంటించాలి. మన ఉక్కలో, రొయ్యల చెరువుల్లో దిగే పనుల్లో అది ఊడొస్తుంది. ఒళ్లు బాగా తుడుచుకుని, అంటించాక పది సెకన్లు అరచేత్తో గట్టిగా అదిమి, అంచుల మీద ప్లాస్టర్ వేయాలి. పీడకలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయొచ్చు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా గమ్ గానీ ప్యాచ్ గానీ మొదలుపెట్టకూడదు.

ఎం-సెసేషన్ అని పొగాకు మానడానికే ఇంకో ప్రభుత్వ సేవ 2016లోనే మొదలైంది, దానికి మిస్డ్ కాల్ ఇస్తే ఫోనుకి సందేశాలు వస్తాయి. చదివే అలవాటున్న కుర్రాళ్లకి మంచిదే. ఫోను మనవడి చేతిలో ఉండే తాతగారికి దాంతో పని తక్కువ.

మానాక మొదటి రెండు మూడు రోజులే గడ్డు. యావ వచ్చినప్పుడల్లా కొద్ది నిమిషాలే ఉంటుంది గానీ రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద కాపలావాడికి వస్తే అప్పుడు ఈ నంబరు పలకదు. ఆ లోటు ఊళ్లోవాళ్లే పూడ్చాలి. 30 ఏళ్లు దాటినవాళ్ల దగ్గర ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ప్రశ్నల ఫారంలో పొగాకు ప్రశ్న ఉంది. టిక్కు పెట్టి వదిలేయకుండా అక్కడే నంబరు కలిపి ఫోను చేతికిచ్చి, మానిన రోజు, మూడో రోజు, వారం నాడు గుమ్మంలోకి వెళ్లి పలకరిస్తే ఈ సేవ విలువ రెట్టింపవుతుంది. అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్ల విషయంలో ఇది మరీ అవసరం. వాళ్లు ఫోన్లో చెప్పుకోరు. నర్సమ్మ అంగిలి చూసి, తెల్లటి మచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి.

తారీఖు పెట్టేటప్పుడు సంక్రాంతి పందేల వారం, కోతల రోజులు వద్దు. ఆయాసానికి థియోఫిల్లిన్ ఉన్న బిళ్లలు వాడేవాళ్లు ఆ తారీఖు డాక్టరుకి ముందే చెప్పాలి. పొగ ఆగితే ఆ మందు ఒంట్లో పేరుకుని వాంతులు, గుండెదడ తెస్తుంది, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.