అక్షరాలు దిద్దించడానికి రాతి పలకా, ఫోను తెరా?

రాతి పలకలకు పేరుపొందిన మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులు పిల్లల చేత ఫోను తెరపై వేలితో అక్షరాలు దిద్దిస్తున్నారు. రెండూ అక్షరాలనే నేర్పుతాయి గాని, చేతికీ కంటికీ అవి ఇచ్చే శిక్షణ ఒకటి కాదు.

బలపం పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయాలి, మణికట్టు నిలకడగా ఉండాలి, ఎంత ఒత్తాలో చెయ్యే తెలుసుకోవాలి. గరుకైన రాయి బలపాన్ని కొద్దిగా నిలువరిస్తుంది కనుక గీత ఎటు తిరుగుతున్నదో కండరాల నుంచి మెదడుకు అందుతుంది, ఆ కదలికను కన్ను వెంబడిస్తుంది. నున్నని గాజుపై ఒక్క వేలు జారేటప్పుడు ఈ పట్టు, ఈ ఒత్తిడి దాదాపు ఉండవు. పైగా చాలా యాప్‌లలో చుక్కల దారి ముందే సిద్ధంగా ఉంటుంది. పలకపై మాత్రం ప, ష, వ, మ వంటి పోలికగల అక్షరాల తేడాను బిడ్డ తానే గమనించి, తానే గీసి, తప్పితే చెరిపి మళ్లీ రాయాలి. నా దృష్టిలో అసలైన చదువు ఆ చెరిపివేతలోనే ఉంది.

ఫోనుకూ ఒక మేలు ఉంది: అక్షరాన్ని చూపుతూనే దాని ధ్వనిని వినిపిస్తుంది. అందుకు కాసేపు వాడుకోవచ్చు.

సాధారణంగా పిల్లలు మూడేళ్లకు సున్నాను, నాలుగేళ్లకు కూడిక గుర్తును, ఐదేళ్ల ప్రాంతంలో త్రికోణాన్ని చూసి గీయగలుగుతారు. అంతకుముందే అక్షరాల కోసం ఒత్తిడి చేయకుండా ఇసుకలో గీతలు, మట్టి ముద్దలు, ముగ్గుచుక్కలు కలపడం వంటివి చేయించడం మంచిది. పలకను ముఖానికి ఆనించి చూసే బిడ్డను మాత్రం ఆలస్యం చేయకుండా కంటి వైద్యునికి చూపించాలి.